మూడు గింజల కాయ

సాయంత్రం పని ముగించుకుని నడిచి వస్తుంటే కర్నూలు బస్టాండు బయట తోపుడు బండి మీద, ఇసుక పోసిన బాణలిలో శెనక్కాయలు వేగుతున్న వాసన వస్తుంది. ఆ వాసనకు అందరికీ ఆకలి పుడుతుంది. నాకు ముందు సిగ్గు పుడుతుంది. ఆ వెనకే మా జేజి, మా నాన్నను కన్నతల్లి మార్తమ్మ గుర్తొస్తుంది, ఆమె వెనకే నేనెన్నడూ కళ్లతో చూడని ఒక బావి గుర్తొస్తుంది.

కోడుమూరుకు ఆనుకుని ఉన్న మా ఊళ్లో కార్తీకం వెళ్లేసరికి శెనక్కాయ చెట్లు పీకి కుప్పలు వేసేవారు. ఆడవాళ్లు తలకు గుడ్డ చుట్టుకుని కుప్పల చుట్టూ కూర్చుని కాయలు తెంపుతుంటే ఎర్రమట్టి దుమ్ము కనురెప్పల మీద పేరుకునేది. మేం పిల్లలం కాయ కొన నొక్కి, నోరు తెరిపించి, చెవి తమ్మెలకు కమ్మల్లా తగిలించుకుని తిరిగేవాళ్లం. అప్పుడే క్రిస్మస్ పనులు మొదలయ్యేవి. గుడికి సున్నం కొట్టేవారు (మా చర్చిని మేం గుడి అనే అంటాం), వెదురు బద్దలతో నక్షత్రం కట్టి రంగు కాగితాలు అంటించేవారు, ప్రతి ఇంట్లో కర్జికాయలకు బెల్లమూ కొబ్బరీ దంచే చప్పుడు వినిపించేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, అంటే రెండు వేల ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో, ఆ సందడికి ఇంకో సందడి తోడైంది. మా గుడి నుంచి ఇరవై ఒక్కమంది పెద్దలు పదహారు రోజులు పరిశుద్ధ దేశాల యాత్రకు బయలుదేరుతున్నారు. అందులో మా జేజి ఒకతె. మా నాన్న, చిన్నాయన కలిసి ఆమెను పంపుతున్నారు. యాత్ర నడిపే మనిషి హైదరాబాదు నుంచి వచ్చి పెద్ద జాబితా ఒకటి ఇచ్చి, అన్నీ చూడాలంటే నెల పడుతుంది, ఏవి ఉంచాలో ఏవి తీసేయాలో మీరే తేల్చుకోండి అని చెప్పి పోయాడు. అవి తేల్చడానికి ఆరు ఆదివారాలు పట్టింది.

లెక్కల పాఠాలు చెప్పి రిటైరైన దేవదానం సార్ గుడి ముందర పేడతో అలికిన నేల మీద ముగ్గుపిండితో పటం గీశాడు. వేపచెట్టు కింద ఐగుప్తు (ఈజిప్టు), గంట స్తంభం దగ్గర సీనాయి కొండ, మెట్ల కింద యెరూషలేము, ఆ పక్కనే నీలం రంగు పోసిన యొర్దాను నది. సార్ పంచె ఎత్తిపట్టుకుని మూడంగల్లో ఐగుప్తు నుంచి కనానుకు వచ్చేవాడు. మా పెద్దల్లో చాలామంది మద్రాసు దాటి పోయినవాళ్లు కారు. అయినా ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరమో, దారిలో ఏ కొండ వస్తుందో, అక్కడ ఏం జరిగిందో తడుముకోకుండా చెప్పేవారు. వేలిముద్ర వేసే ఆడవాళ్లు కూడా, ఆదివారం ఆదివారం విన్న బైబిలు వాక్యాన్ని నమ్ముకుని, పటంలో సార్ తప్పు గీసిన చోట దిద్దించారు. అంతటి జ్ఞానం మళ్లీ ఏ తరగతి గదిలోనూ నేను చూడలేదు. మోకాళ్ల నొప్పులవాళ్లు కొండను తీసేయమన్నారు, పిరమిడ్లు వాక్యంలో ఉన్నాయా లేవా అని ఒక ఆదివారమంతా గడిచింది.

చివరికి ఒక్క రోజు మిగిలింది. ఆ రోజు మృత సముద్రానికన్నా పోవాలి, సమరయలోని యాకోబు బావికన్నా పోవాలి. రెండూ కుదరవు. సముద్రం దేవదానం సార్ కోరిక. ఆ నీళ్లలో మనిషి మునగడనీ, వెల్లకిలా పడుకుని పేపరు చదువుకోవచ్చనీ ఆయన చెబుతుంటే పిల్లలం నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం. నేను అప్పటికే బడిలో, మా జేజి సముద్రం మీద పడుకుని ఫోటో దిగుతుందని అందరికీ చెప్పేసి ఉన్నాను.

ఐదు వారాలు నోరు విప్పని జేజి ఆ రోజు లేచి నిలబడింది.

"చిన్నప్పుడు ఈ ఊరి బాయికాడ కడవ పెట్టుకోని నిలబడితే ఎవురన్నా దయ తలిచి పోస్తాండ్రి. చేద మా చేతికి ఇచ్చినోళ్లు లేరు. యూదులు అంటని ఆ సమరయ ఆడమనిషిని ప్రభువు నీళ్లడిగినాడే, ఆ బాయిలో నా చేత్తో ఒక్క చేద తోడుకుంటానప్పా. ఇంగేం వద్దు నాకు."

దేవదానం సార్ చెంబు ఎత్తి మంచినీళ్లు తాగాడు. కాయలు వేసి తేల్చుకుందామన్నారు. ఒక్కొక్కరు ఒక్క శెనక్కాయ, పటంలో సముద్రం మీదో బావి మీదో పెట్టాలి. పెట్టడం అయ్యాక, లెక్కపెట్టే ముందు ప్రార్థన. అందరి కళ్లూ మూసుకున్నాయి. నావి తెరిచే ఉన్నాయి. పటం అంచున కూర్చున్నదాన్ని చెయ్యి చాపి బావి మీద నుంచి చేతికందిన కాయను తీసి సముద్రం మీద పెట్టాను. ఆమెన్ అన్నాక సార్ లెక్కపెట్టాడు. సముద్రానికి పదకొండు, బావికి పది. జేజి వంగి ఆ కాయల వైపు చూసింది, కొంగు సర్దుకుని కూర్చుంది. తర్వాత ఆ కాయలే వేయించి పిల్లలకు పంచారు. నా దోసిట్లో పడినవి పక్క పిల్ల దోసిట్లో పోసేశాను.

ఆ వారమంతా జేజి ఎప్పటిలాగే ఉంది. చీరలు మడత పెట్టుకుంది, దారిలో తినడానికి చింతపండు పొడి దంచుకుంది, సముద్రంలో దిగితే చీర ఎట్లా ఆరుతుందని మా అమ్మతో నవ్వింది. ఆ నవ్వు నేను భరించలేకపోయాను. శనివారం కొళాయి దగ్గర జేజి బిందె ఎత్తుతుంటే ఏడుస్తూ చెప్పేశాను. జేజి బిందె దించింది.

"అది మూడు గింజల కాయ. కుప్పంతా ఎతికి నేనే ఏరి పెట్టింటి. సముద్రం మింద ఉంటే ఆపొద్దే చూస్తి."

"మరి ఏంటికి చెప్పలేదు జేజీ?"

"నేను జెప్తే అది నీ నోట్లోంచి రాదు గదమ్మా."

బావి తనకు దక్కకపోయినా సరే, నన్ను నలుగురిలో నిలబెట్టకుండా ఆరు రోజులు కాచుకుని ఉంది. ప్రభువు ఓర్పు గురించి అప్పటికే చాలా ప్రసంగాలు విన్నాను, అర్థమైంది మాత్రం ఆ కొళాయి దగ్గర.

మరునాడు ఆరాధనలో, ఎవరి సంగతి వాళ్లు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో నేనే లేచి చెప్పాను. గుడి గుడంతా దేవదానం సార్ వైపు తిరిగింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఏం పాపా, సముద్రమంటే నాకంటే నీకే శానా ఇష్టమున్నట్టుండాదే. పదకొండు బాయికి. లెక్క లెక్కే."

ఆరాధన ముగియగానే టెలిఫోన్ బూత్‌కు పోయి హైదరాబాదు మనిషితో జాబితా మార్పించింది ఆయనే.

జేజి పోయి వచ్చింది. యాకోబు బావి రాట్నం తన చేత్తో తిప్పి తోడిన నీళ్లు కొంచెం చిన్న సీసాలో తెచ్చి, వచ్చిన వాళ్లకల్లా అరచేతిలో పోసింది. మూడో రోజు పెద్దింటి ఈశ్వరమ్మ వచ్చింది. జేజి ఈడుదే. ఊరి బావి వాళ్లదే. చిన్నప్పుడు గట్టు మీద నిలబడి జేజి కడవలోకి ఎత్తి పోసిన పిల్ల ఆమే. వాకిట్లో నిలబడి కాసేపు యోగక్షేమాలు అడిగి, చెయ్యి చాపింది.

"నాకూ పొయ్యి మార్తా."

జేజి సీసా వంచింది. "అప్పుడు నువ్వు పోస్తివి ఈశ్వరమ్మా. ఇప్పుడు నేను పోస్తాండా."

ఈశ్వరమ్మ తాగి, తడి చెయ్యి తలకు రాసుకుంది.

ఇద్దరూ ఇప్పుడు లేరు. ఊరి బావిని పూడ్చి దాని మీద ఎరువుల కొట్టు కట్టారు, నీళ్లు ఆటోలో క్యాన్లలో వస్తున్నాయి. గుడి ముందర సిమెంటు పోశారు. ఈ మధ్య మా గుడివాళ్లు మళ్లీ యాత్రకు పోయారు. చూడాల్సిన చోట్ల జాబితా ముందే ఫోనులోకి వచ్చేసింది, ఎవరూ ఏదీ తేల్చుకోవలసిన పని లేకపోయింది. సార్ గీసిన యొర్దాను నీలిరంగు చాలాకాలం మెట్ల పక్కన మరకలా ఉండేది. అదీ పోయింది.

బండి దగ్గర పొట్లం కట్టించుకుంటాను. నడుస్తూ ఒలుచుకుంటూ తింటాను. మూడు గింజల కాయ తగిలితే మాత్రం ఒలవను. ఇంటికి తెచ్చి, జేజి నీళ్లు తెచ్చిన ఆ ఖాళీ సీసా పక్కన పెడతాను.