కురుమయ్య టైర్ల నడక చూసిండు

శ్రీరంగాపూర్ చుట్టుపక్కల ఎవలు ఎద్దు కొనాలన్నా ముందుగల్ల కురుమయ్య గుడిసె ముందర నిలబడెటోళ్లు. కురుమయ్య పెబ్బేరు అంగడికి వచ్చిండంటే అమ్మెటోళ్లు తమ ఎద్దులను ఎనకకు గుంజుకునెటోళ్లు. ఆయన ఎద్దు నోరు తెరిచి పండ్లు చూస్తడు. సుడి చూస్తడు. గిట్ట ఎత్తి వాసన గూడ చూస్తడు. ఆఖరికి తువ్వాల దులిపి, "నడిపియ్" అంటడు. ఉత్తగ ఒకసారి, బరువు బండి కట్టి ఒకసారి నడక చూడకుండ ఏ ఎద్దునూ అవుననలే.

ఇంకో సంగతుంది. కురుమయ్య పెండ్లానికి అబద్ధం చెప్తడు, దేవునికి చెప్తడు, కల్లు దుకాణంల చెప్పినయైతే లెక్కనే లేదు. ఎద్దు మీద మాత్రం అబద్ధమాడడు. కుంటిదాన్ని కుంటిదనే అంటడు, అది సొంత బామ్మర్దిదైనా సరే.

ఆయనకున్న ఆస్తి రెండెద్దులు. లింగడు, బసవడు. పాలపండ్లప్పుడు తెచ్చి, తను తాగే గంజిల సగం పోసి పెంచిండు. కాడి కడితే రెండు నడిచినట్టుండదు, ఒకటే నడిచినట్టుంటది. ఆ జోడి మీద ఊరి చిన్న దొరకు కన్నుంది. రెండుసార్లు అడిగిండు. మొదటిసారి కురుమయ్య, "మా అత్త సచ్చిపోయింది దొరా, మైల ఉన్నది, ఇప్పుడు ఎద్దులియ్యొద్దు" అన్నడు. మల్లొక యాడాదికి అడిగితే అత్తను ఇంకోసారి సంపిండు. ఆ అత్త వడ్డేపల్లిల ఇప్పటికీ కోడండ్లను తిట్టుకుంట తిరుగుతనే ఉంది.

చిన్న దొరకు ఎద్దుల కన్న మోటర్ పిచ్చి ఎక్కువ. పట్నం నుంచి తెచ్చిన ఎర్ర మోటరుండె ఆయనకు. రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముందర మూతి నక్క మూతి లెక్క పొడుగు. ఎక్కినోడు కూసున్నట్టు గాదు, పండుకున్నట్టుంటడు. అది దౌడు తీస్తే కోళ్లు ఇండ్లల్లకు ఉరికేటియి, ముసలోళ్లు గూడ ఉరికెటోళ్లు.

లడాయి రోజులవి. జపానోళ్లు రబ్బరు చెట్లున్న దేశాలన్ని పట్టుకున్నరని, కొత్త టైరు కావాలంటే సర్కారు పర్మిట్ ఉండాలని డ్రైవర్ రజాక్ చెప్పెటోడు. ఎర్ర మోటర్ టైర్లేమో గీరి గీరి లోపటి దారాలు బయటికొచ్చినయి. రజాక్ రాయచూర్ పోయి ఎవని దగ్గర్నో రెండు పాతయి తెచ్చిండు. వారం తిరగకముందే రెండూ పగిలినయి.

సరిగ్గా అప్పుడే దొర తన బామ్మర్దితోటి పంతం పట్టిండు. పెబ్బేరు అంగడి కాడికెల్లి ఇద్దరు బయలెల్లాలె, వనపర్తి సర్కారు కచేరి ముందర ఎవల మోటర్ ముందుగల్ల ఆగుతదో వాడు మొగోడు. ఎనిమిది దినాల గడువు.

దొర కురుమయ్యను పిలిపిచ్చిండు.

"ఏరా కురుమిగా, ఎద్దు కాలు చూసి చెప్పెటోనివి, టైరు చూసి చెప్పలేవా?"

"టైరుకు పండ్లుండయి గద దొరా."

"నోర్ముయ్. రజాకుతోటి గద్వాల పో. నాలుగు టైర్లు ఏరుకరా. నాలుగూ ఒక్కతీరుగ మెరవాలె, నలుగురు చూస్తరు. ఏ ఒక్కటి దెబ్బ తిన్నా, నేను ఓడిపోయినా, లింగడు బసవడు నా కొట్టంల ఉంటరు. మీ అత్త ఎన్నిసార్లు సచ్చినా సరే."

 విత్తనాలేసే మిరుగం కార్తెకు ఇంక పదిహేను దినాలే ఉంది. ఎద్దులు లేకుంటే దున్నేదేంది, తినేదేంది? ఇంటికొచ్చి చెప్తే పెండ్లాం జములమ్మ నెత్తి పట్టుకున్నది.

"లోకంల ఉన్నయన్ని నాకెర్కనని కల్లు దుకాణంల కూసోని చెప్పుడెందుకయ్యా? ఇప్పుడు చూడు, రబ్బరుకు గూడ సుడి చూడమన్నరు."

వనపర్తి రోడ్ టేషన్ల రైలెక్కి, కృష్ణ దాటి, గద్వాలల దిగిన్రు. టేషన్ పక్కకే రేకుల కొట్టం ఏసుకోని అమానుల్లా సేటు పాత టైర్లు అమ్ముతుండు. మిలిటరీ లారీలయి, పట్నం సాహెబుల మోటర్లయి, అన్నీ కుప్పపోసి ఉన్నయి. వాటిల ఎర్ర మోటరుకు సరిపోయే కొలతయి ఏడే దొరికినయి.

రజాకు ఐదింటి మీద చెయ్యేసిండు. అద్దం తీరుగ మెరుస్తున్నయి, ఒక్క తీరుగున్నయి. "కురుమన్నా, ఈటిల నాలుగు తీస్కుందం, దొర ఖుష్ అయితడు."

కురుమయ్య బొటనవేలు మీద ఉమ్మేసి ఒకదాన్ని రుద్దిండు. వేలు నల్లగైంది. వాసన చూసిండు.

"సేటు, ఆముదంల మసి కలిపి రాసినవు. మా అంగడిల ముసలెద్దు కొమ్ములకు గిట్లనే రాస్తరు."

"తౌబా తౌబా!" అని సేటు చెవులు పట్టుకున్నడు. "ఈ ఇంకోదాని గీతలు చూడు భాయ్, ఎంత లోతుగున్నయో."

"లోతుగనే ఉన్నయి. కాలిన కత్తితోటి కోసినవు, అంచులు ఇంక వేలుకు గీసుకుంటున్నయి. పండ్లు ఆకురాయితోటి అరగదీసి పడుసెద్దని అమ్మిన వాణ్ని నేను పంచాయితిల నిలబెట్టిన. నువ్వెంత?"

సేటు నవ్విండు గని ఆ నవ్వు మీసాల కాడనే ఆగింది. గట్ల రెండు పోయినయి. మిగిలింది ఐదు: మెరిసేటియి మూడు, అసొంటిదే ఇంకోటి పైకప్పు కింది నుంచి సేటు తీసిచ్చింది, ఇంకోటి మాత్రం గజ్జి పట్టిన గొర్రె లెక్క అతుకులు, మచ్చలు, వేరే తీరు గీతలు.

కురుమయ్య తువ్వాల దులిపిండు. "నడిపియ్."

"ఏం నడిపియ్యాలె?" అన్నడు సేటు.

"టైర్లను."

కొట్టం ముందర రోడ్డు పల్లం మీదికి దిగుతది. కురుమయ్య టైరును నిలబెట్టి, వీపు తట్టి వదిలిండు. మొదటిది చక్కగ పోయి ఆగింది. రెండోది చక్కగనే పోయింది, గని ఆగలే. పల్లం కింద సల్ల అమ్ముకునే రూతమ్మ కుండలు పెట్టుకోని కూసున్నది. ఒక కుండ పోయింది.

"నీ చేతులిరగ! ముండ్ల కంపల దొర్లియ్యి నీ టైర్లు! సల్ల కుండల మీదికి రానీకె నువ్వు మనిషివా, చక్రానివా?"

"జర కోపం తగ్గిచ్చుకో అక్కా. నీ కుండకు తగిలినా వంకర పోలే చూసినవా? మంచి టైరు," అన్నడు కురుమయ్య. ఆ మాటకు ఇంకో కుండల సల్ల మొత్తం ఆయన మీదనే పడ్డది.

మెరిసేటియి మూడు నిటారుగ పోయినయి. నాలుగోది, అదే సేటు పైకప్పు కింది నుంచి తీసింది, పది అడుగులు పోయి నడుము ఊపుకుంట పక్కకు ఒరిగింది. మల్ల వదిలితే మల్ల గట్లనే.

"ఇది కుంటుతుంది. లోపట ఇరిగింది."

గజ్జి గొర్రెను వదిలిన్రు. అది గీసిన గీత మీద పోయినట్టు పోయి, రూతమ్మకు రెండు జానల దూరంల ఆగి, మెల్లగ పండుకున్నది.

రజాకు బతిమిలాడిండు. "అన్నా, కుంటినా మెరిసేదే తీస్కో. నాలుగు ఒక్కతీరుగ ఉండాలన్నడు గద. ఈ గజ్జి దాన్ని చూస్తే మన ఇద్దరి తోలు తీస్తడు."

కురుమయ్య చాలసేపు రోడ్డు మీదనే కూసున్నడు. సల్ల ఎండి మీసాలు గట్టిపడ్డయి. మెరిసేది తీస్కుంటే ఇయ్యాల దొర తిట్టడు, రేపు టైరు పగులుతది. గజ్జిది తీస్కుంటే టైరు నిలుస్తది, దొర నిలవడు. ఎటు తిప్పినా లింగడు, బసవడే కండ్లల్ల మెదిలిన్రు.

"రంగు తోటి దున్నరు రజాకు," అని గజ్జి దాన్నే తీస్కున్నడు.

ముందర రెండూ ఒక్కతీరుయి పెట్టిచ్చిండు, లేకుంటే కాడి ఒక దిక్కు గుంజుతదని. ఎనక దాపట, అంటే ఎడమ దిక్కు, ఒక మెరిసేది, వలపట గజ్జిది.

పందెం దినం పెబ్బేరుల దొర మోటర్ చుట్టు ఒక తిరుగుడు తిరిగి ఆగిండు. ఆయన బామ్మర్ది పడి పడి నవ్వుతుండు, "బావా, ఆ టైరుకు అమ్మవారు పోసిందా?" అని. దొర ముఖం మోటర్ రంగుకొచ్చింది.

"రజాకూ, నువ్వు దిగు. కురుమిగా, నువ్వెక్కు. అది పగిలితే ముందుగల్ల నువ్వే పోవాలె."

కురుమయ్య బతుకుల మోటర్ ఎక్కలే. ఎక్కినంక అది మోటరని గూడ తెల్వలే. తువ్వాల మొదటి మలుపుకే పోయింది. గాలి నోట్లకొచ్చి చెంపలు ఊపుతుంది. చెట్లన్ని ఎనకకు ఉరుకుతున్నయి. బామ్మర్ది మోటర్ దుమ్ముల ఏడనో ఎనక పడ్డది. దొర ఒకటే కేకలు, "చూసినవారా!" అని. కురుమయ్య కండ్లు మూసుకున్నడు. కండ్లు మూసుకుంటే చెవులు తెరుచుకున్నయి.

ఎద్దుల బండిల పండుకోని పోయినా ఏ ఎద్దు ఏ కాలు ఎట్ల ఏస్తుందో ఆయనకు ఎర్కైతది. గట్లనే ఇన్నడు. ముందర రెండు బాగున్నయి. వలపట గజ్జిది బాగుంది. దాపట... దబ్. దబ్. దబ్. ఒక అడుగు బరువుగ పడుతుంది. కాలిన వాసన గూడ వచ్చింది.

గప్పుడు సమజైంది, తను చేసిన తప్పు. ఎద్దును ఉత్తగ నడిపిచ్చి ఊకోడు ఎప్పుడు, బరువు బండి కట్టి గూడ చూస్తడు. టైరును ఉత్తగ దొర్లిచ్చిండు. బరువు మీద చూడలే.

"దొరా, ఆపు! దాపటిది ఉడుకుతుంది!"

"ముందున్నం రా పిచ్చోడా! వనపర్తి ఇంక రెండు కోసులే!"

"కాలు పోతది దొరా, నీ బాంచెన్, ఆపు!"

దొర ఇంకింత తొక్కిండు. ఆపితే ఓడుతడు, ఓడితే ఎద్దులు పోతయి. ఆపకుంటే టైరు పగులుతది, గప్పుడు ఎద్దులూ పోతయి, మనుషులూ పోతరు.  కురుమయ్య దొర మోచెయ్యి పట్టుకోని అరిచిండు.

"లింగన్ని తీస్కో! బసవన్ని తీస్కో! నేనే తోలుకొచ్చి కడ్త! మా అత్త బతికే ఉంది దొరా, ఆపు!"

దొర గుంజుక ఆపిండు. ఎందుకాపిండో ఆయనకే తెల్వదు. రెండేండ్ల సంది అడిగినా ఇయ్యనోడు అడగకుండనే ఇస్తనన్నడు, ఆ మాట ఇని కాలు దానంతటదే లేచిందేమో.

దిగి చూస్తే దాపటి టైరు పక్కకు కొబ్బరికాయంత బుడ్డ ఉబ్బింది. బామ్మర్ది మోటర్ పాం పాం అనుకుంట దాటిపోయింది. దొర ఆ దుమ్మును చూసిండు, కురుమయ్యను చూసిండు, కొట్టనీకె చెయ్యెత్తిండు.

ఢాం!

టైరు నిలబడ్డ కాడనే పగిలింది. కాకులన్ని లేచినయి. దొర ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. ముందర ఇరవై అడుగుల్ల వాగు మీది మోరి, గోడలు లేనిది, కింద బండరాళ్లు. దొర ఆ మోరి దిక్కు చూసిండు. చాలసేపు చూసిండు. ఎత్తిన చెయ్యి దించిండు.

ఎనక కట్టుకున్న పాత టైరేసుకోని కచేరి కాడికి పోయేసరికి బామ్మర్ది చాయ తాగి, రెండో చాయ చెప్పిండు.

మూడు దినాలు దొర గడి నుంచి కబురు రాలే. కురుమయ్యకు ముద్ద దిగలే. నాలుగో దినం పొద్దుగాల్ల ఎద్దులను కడిగి, పసుపు రాసి పలుపు పట్టిండు.

"పిలవకముందే పోతవా?" అన్నది జములమ్మ, కొంగు నోట్ల పెట్టుకోని.

"ఇస్తనన్న గద."

గడి ముందర దొర కుర్చీల కూసున్నడు. పక్కకు రజాకు. పగిలిన టైరు కోసి నేల మీద పరిచి ఉన్నది, లోపట దారాలు కాలి బొగ్గయినయి. దొర ఎద్దులను చూసిండు, నేలను చూసిండు.

"ఈటిని ఎందుకు తోలుకొచ్చినవురా?"

"మాటిచ్చిన గద దొరా."

"ఎవనికిచ్చినవ్? నేనేం ఇనలే." దొర కుర్చీల అటు ఇటు కదిలి, కోపం తెచ్చుకున్నడు. "అయినా ఈటి కాళ్లు బాగలేవు. కుంటుతున్నయి. నా కొట్టంల కుంటెద్దులెందుకు? తోలుకపో!"

కురుమయ్య నోరు తెరిచిండు. లింగని కాళ్లా? బసవని కాళ్లా? పెబ్బేరు అంగడి మొత్తం చేతులెత్తి మొక్కిన కాళ్లు! "కుంటుతయా? దొరా, ఎవలన్నరు, నడిపిచ్చి చూపి..."

రజాకు చెప్పు కాలు కురుమయ్య పాదం మీద పడ్డది. గట్టిగ. కురుమయ్య కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నోరు మూసిండు, మల్ల తెరిచిండు, మల్ల మూసిండు. ఆఖరికి లోపట్నుంచి పీకినట్టు మాట బయటికొచ్చింది.

"అవ్ దొరా. కుంటుతయి. రెండూ కుంటుతయి."

ఎద్దు మీద కురుమయ్య ఆడిన అబద్ధం అదొక్కటే. ఇంటిదాక లింగని చెవుల, బసవని చెవుల మాఫ్ చెయ్యమని చెప్పుకుంటనే నడిచిండు. అయి మాత్రం ఒకటే నడిచినట్టు నడుస్తున్నయి. ఎనక కుంటుకుంట కురుమయ్య.