ముఠా నాయకుడి పథ్యం

ఆ మెక్సికో డ్రగ్స్ ముఠా ముసలాడు దొరికాడన్న వార్త మా ఇంట్లోకి ఒక శనివారం మధ్యాహ్నం యూట్యూబ్‌లో వచ్చింది. అమ్మ సోఫా ముందు చాప పరుచుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. మా ఆయన ఫోన్ టీవీకి కలిపి, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. అమెరికాలో మేముండే బాతెల్‌లో వారం వానల తర్వాత ఎండ కాసింది, బయటికి పోదామంటే వింటేగా.

తెలుగు ఛానెల్ వాడు గొంతు పెద్దది చేసుకుని వాడి జీవిత చరిత్ర మొదలుపెట్టాడు. మొక్కజొన్న చేలో కూలికెళ్లిన పిల్లాడట. బడి మానేసి ఎవడి దగ్గరో చేరి, కొండల మీదుగా మూటలు మోశాడట. కొన్నాళ్లకి ఆ మోయించినవాణ్ణే చంపి వాడి కుర్చీలో కూర్చున్నాడట. ఊళ్లో చర్చి కట్టించాడు, పెళ్లిళ్లు చేయించాడు, జనం వాణ్ణి దేవుడంటారు. ఒక్కో ముక్కకీ వెనకాల హీరో నడిచొస్తున్నట్టు మోత. దేవుడట! వాడి మొహం.

"ఏం బ్రెయిన్ అండీ అత్తయ్యగారూ! ఇన్నేళ్లు ఇన్ని దేశాల పోలీసుల్ని మేనేజ్ చేశాడంటే మాటలా? మా మేనేజర్లు ఒక్క ప్రాజెక్ట్ టైంకి డెలివర్ చేయలేరు" అన్నాడు మా ఆయన.

ఆయనకి అన్నీ తెలుసు. తెలిసి కూడా ఆ మాట అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా తమ్ముడు శాంటా క్లారాలో ఉండేవాడు. ఉద్యోగం పోయింది, అరవై రోజుల్లో ఇంకొకటి దొరక్కపోతే వీసా పోతుంది. నిద్ర పట్టడం లేదన్నాడు. డాక్టర్ దగ్గరికి పోరా అంటే ఇన్సూరెన్స్ కూడా పోయిందక్కా అన్నాడు. జిమ్‌లో పరిచయమైనవాడెవడో నిద్రమాత్ర అని ఒకటి ఇచ్చాడు. అది నిద్రమాత్ర కాదు, ఫెంటనిల్ అనే మత్తుమందు కలిపిన నకిలీది. సరిహద్దు అవతల మెక్సికోలో తయారైన సరుకని అక్కడి పోలీసాయన నాకు ఫోన్‌లో చెప్పాడు. ఒకే ఒక్క మాత్ర.

అమ్మకి ఫోన్ చేసి గుండెపోటు అన్నాను. ఊళ్లో అందరికీ అదే చెప్పాం. డ్రగ్స్ అన్నామంటే పోయినవాడి పరువు కూడా పోతుందని భయం. అమ్మ చాలాసేపు ఏడ్చి, "నేను పంపిన సున్నుండలు అందాయా? తిన్నాడా?" అని అడిగింది. కాస్త ఊరట పడుతుందని, "అన్నీ తినేశాడమ్మా, ఒక్కటి కూడా మిగల్చలేదు" అన్నాను.

ఎంత తెలివితక్కువ పని చేశానో తర్వాత అర్థమైంది. ఆ రోజు నుంచి అమ్మ నెయ్యి ముట్టలేదు. ఇక్కడికి వచ్చాక మా ఇంట్లో నూనె చెంచాతో కొలిచి పోస్తుంది. అల్లుడి కంచంలో ఉప్పు తగ్గిస్తుంది. పార్కులో ఇంకో తల్లితో, "కిలో నెయ్యి పోసి చేశానమ్మా, నా చేతులతో నేనే వాడి గుండె ఆపేశాను" అంటుంటే చెవులారా విన్నాను. విని కూడా నోరు మెదపలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ మూడేళ్లు గడిపేశాను.

టీవీలో వాణ్ణి ఎలా పట్టుకున్నారో చెబుతున్నారు. వాడికి గుండెజబ్బు. కొండల్లో దాక్కున్నా వెంట ఒక డాక్టరు, పథ్యం వండడానికి ఒక వంటావిడ. చప్పిడి కూడు, పొద్దున్నే నడక, డాక్టరు రాసిచ్చిన మందు తప్ప నోట్లో ఏదీ వేసుకోడు. పోలీసులు ఆ డాక్టరు వెనకే పోయి ఇంటిని చుట్టుముట్టారు. చేతులకి బేడీలు వేసి, విమానంలో అమెరికాకి తెచ్చి, రెక్కలు పట్టుకుని మెట్లు దింపుతున్నారు. తెల్ల చొక్కా, నున్నగా గీసిన గడ్డం. ముసలాడు నిక్షేపంలా ఉన్నాడు.

అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "చూశావటే, దొంగవెధవకి కూడా ఉప్పూ నెయ్యీ లేకుండా వండిపెట్టే తల్లి ఉంది. ఆ మాత్రం బుద్ధి నాకు లేకపోయింది" అంది.

అంతే, ఇక ఆగలేకపోయాను.

"నీ నెయ్యి కాదమ్మా! వీడు! వీడు చంపాడు చిన్నోణ్ణి!" అని టీవీ వైపు చెయ్యి చూపించి అరిచాను. మా ఆయన గబగబా సౌండ్ ఆపేశాడు. నిద్రమాత్ర సంగతి, పోలీసాయన చెప్పింది, మొత్తం కక్కేశాను. ఆ మాత్ర వీడి ముఠాదో వీడి శత్రువులదో నాకు తెలీదు. తిట్టడానికి నాకొక మొహం కావాలి, దొరికింది. వీడు డాక్టరు చీటీ లేకుండా ఒక్క మాత్ర మింగడు, మా వాడికి మాత్రం విషం పంపుతాడు. వీడు జైల్లో కుళ్లిపోవాలి, నిద్ర కోసం దేవులాడుతూ చావాలి అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

అమ్మ ఏడవలేదు. ఒళ్లోని ఈనెలన్నీ దులిపి పళ్లెంలో వేసింది.

"మరి సున్నుండలు?"

"డబ్బా మూత కూడా తీయలేదమ్మా. గది ఖాళీ చేస్తుంటే కనిపించింది."

"అన్నీ తిన్నాడన్నావు."

"నువ్వు సంతోషిస్తావని."

టీవీలో చప్పుడు లేకుండా వాణ్ణి కారెక్కిస్తున్నారు. అమ్మ వాడి వంక ఒక్కసారి చూసి నా వైపు తిరిగింది.

"వాడంటే ముక్కూ మొహం తెలియనివాడు. వాడికి నేనెవరో కూడా తెలీదు. నా కొడుకుని నేనే చంపుకున్నానని మూడేళ్లు కుమిలిపోతుంటే, నువ్వు పక్కన కూర్చుని నేను వండిన చప్పిడి కూర తిన్నావు కదే" అంది.