జారని పనిముట్ల సంచి

మా ఆయన మాచ్‌ఖండ్‌లో లైన్‌మన్. ఒకరోజు స్తంభం మీద పక్కకి వంగినప్పుడు నడుముకున్న తోలు సంచి మూత తెరుచుకుని కటింగ్ ప్లేయర్ జారిపోయింది. కింద తాడు పట్టుకున్న మనిషి హెల్మెట్ అంచుకి తగిలి దూరంగా పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా మేస్త్రి, "సంచి మార్సీదాకా పైకెక్కకు," అని చెప్పేశాడు.

ఇంటికొచ్చి ఆ సంచి నా ముందు పెట్టాడు.

"ఈ టిచ్ బటన్ సూడు. కొని నెల కాలేదు, వంగితే ఊడిపోతంది."

కోపం కాదు, సిగ్గు వినిపించింది ఆ గొంతులో. నేను జాకెట్లు కుట్టేదాన్ని, తోలు ఎప్పుడూ ముట్టలేదు. అయినా, "నేను కుడతాను," అనేశాను.

"ఒంటి సేత్తో తియ్యాల మరి. గ్లౌజుతో. రెండో సెయ్యి స్తంభాన్ని ఒదల్దు," అన్నాడు నమ్మకం లేకుండా.

మర్నాడు కొరాపుట్ వెళ్లాను. బజారు చివర చెప్పులు కుట్టే తాత దగ్గర గేదె తోలు, బెజ్జం వేసే పంచ్, బటన్ బిగించే కడ్డీ, గుంట ఉన్న చిన్న ఇనప దిమ్మ కొన్నాను. బటన్లు మాత్రం నేనే ఏరుకున్నాను, మెరుస్తున్నవి చూసి. తాతని ఒక్క మాటా అడగలేదు.

సంచి కుట్టడం రెండు రోజుల్లో అయిపోయింది. బటన్ల దగ్గరే ఆగిపోయాను. సుత్తితో కొడితే బిగిసినట్టే ఉండేది, నాలుగుసార్లు తీసి పెట్టేసరికి చేతికి వచ్చేసేది. గట్టిగా కొడితే పైన టోపీ చదునైపోయింది. పదకొండు బటన్లు పాడుచేశాను. పాడైనవాటిని రుమాల్లో మూటగట్టుకుని మళ్లీ బస్సెక్కాను.

తాత మూట విప్పి ఒక్కొక్కటీ తిప్పి చూశాడు.

"తోలు మందం సూసేవా అమ్మి?"

"లేదు తాతా."

"అదేటి మరి! బటన్ కాడ పొట్టిదైతే తోల్లోనే ఉండిపోద్ది, పట్టుకోదు. మరీ పొడుగైతే కొట్టినప్పుడు వంగిపోద్ది. తోలు దాటి రవ్వంత పైకి రావాల, అంతే. టోపీని దిమ్మ గుంటలో పెట్టు. ఒక్క దెబ్బ కొట్టకు, చిన్న దెబ్బలు నాలుగు కొట్టు."

ఈసారి ఇద్దరం కలిసి ఏరాం. పొడుగు కాడ, పెద్ద టోపీ, లోపల గట్టి స్ప్రింగు. అంత గట్టిది లాగితే తోలే చిరుగుతుందేమో అన్నాను. తాత నవ్వి, "అడగాల్సింది ఇప్పుడడిగేవు," అని, లోపలివైపు మరో తోలు ముక్క వేసి దాని అంచులు పలచగా చెక్కమన్నాడు.

ఇంటికొచ్చి అలాగే చేశాను. నాలుగో దెబ్బకి కాడ పువ్వులా విచ్చుకుని తోలుని కరుచుకుంది. గోరుతో తిప్పి చూశాను, కదల్లేదు. మా ఆయన గ్లౌజు నేనే తొడుక్కుని, మూత కొసన పట్టుకోడానికి వదిలిన తోలు నాలికని బొటనవేలితో ఎత్తాను. టక్‌మని తెరుచుకుంది. సంచి నిండా పనిముట్లు వేసి, మూత నొక్కి, తలకిందులు చేసి, చెయ్యి నొప్పెట్టేదాకా దులిపాను. ఒక్కటీ రాలలేదు. వంటింట్లో ఒక్కదాన్నే గట్టిగా నవ్వేశాను.

ఆ వారమే కాలనీ పక్క లైనుకి మరమ్మతు వచ్చింది. మేస్త్రి సంచిని నాకన్నా గట్టిగా దులిపి, "ఎక్కు," అన్నాడు. నేను రోడ్డు మీద నిలబడి చూశాను. మా ఆయన పైన ఒక చేత్తో స్తంభాన్ని పట్టుకుని, రెండో చేత్తో మూత తీశాడు, పని చేశాడు, బొటనవేలితో నొక్కి మూసేశాడు. ఆ తర్వాత కావాలనే అటూ ఇటూ వంగి నావైపు చూశాడు. అంత దూరం నుంచి కూడా ఆ నవ్వు కనిపించింది.

సాయంత్రం మేస్త్రే మా గుమ్మంలోకొచ్చాడు.

"అందరికీ కుట్టాల సెల్లీ. ముందు నాకు. నాది ఎడం సెయ్యి, మూత ఇటు తిరగాల."

"కుడతానన్నయ్యా," అన్నాను. "మీ గ్లౌజు ఇచ్చి వెళ్లండి."