కారు కింద పెద్దత్తమ్మ పళ్లెం

మా మామయ్యకు ఒకటే కోరిక: మనవరాలిని నర్సరీలో మొదటి రోజు తన పాత కారులోనే దింపాలని. ఒకప్పుడు మా ఆయన్ని బడిలో దింపింది కూడా ఆ కారేనట. బడి తెరవడానికి పది రోజులుందనగా నేను ఖచ్చితంగా చెప్పేశాను.

"బ్రేకు సంగతి తేలేదాకా పాప ఆ కారెక్కదు మామయ్యా."

నేను భయస్తురాలినే, ఒప్పుకుంటాను. పాప స్నానం నీళ్లలో రెండుసార్లు మోచెయ్యి పెట్టి చూస్తాను. నిద్రలో ఊపిరి ఆడుతోందా అని ఇప్పటికీ ముక్కు దగ్గర వేలు పెడతాను. కానీ ఈసారి నా భయానికి కారణం ఉంది. అంతకు ముందు ఆదివారం పాపను వాళ్ల నానమ్మ దగ్గర ఉంచి, మామయ్యా నేనూ నాచారం నుంచి కూరగాయలతో ఉప్పల్‌లోని మా ఇంటికి వస్తున్నాం. ఎండ, అంగుళం అంగుళం కదిలే ట్రాఫిక్. ఒక సిగ్నల్ దగ్గర ఆయన బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోయింది. హ్యాండ్‌బ్రేకు లాగారు. ముందున్న ఆటోకు జానెడు దూరంలో ఆగాం.

ఆటో అతను తల బయట పెట్టాడు. "ఏంది పెద్దాయనా, నా ఆటోకు ముద్దు పెడ్తవా?"

"పెట్టేటోన్నే. ఎనక మట్టి సూసి ఆగిన," అన్నారు మామయ్య. హ్యాండ్‌బ్రేకు మాత్రం ఇంకా వదల్లేదు.

మర్నాడు పొద్దున నాచారంలో మెకానిక్ దగ్గరికి పోతే పెడల్ రాయిలా గట్టిగా ఉంది. "బ్రేకు మస్తున్నది చెల్లె. ఊకెనే పరేషాన్ అయితున్నవ్," అన్నాడతను. రాత్రంతా కాలిపోయిన పాప ఒళ్లు డాక్టర్ ముందు కూర్చోగానే చల్లబడుతుందే, అచ్చం అలాగే.

"ఇంజన్ వేడెక్కినంక సూడు అన్నా," అని అక్కడే స్టూలు మీద కూర్చున్నాను.

అరగంట ఇంజన్ నడిపి పెడల్ తొక్కాడు. దిగిపోయింది. అతను కారు కిందికి దూరి, కాసేపటికి ముఖం నిండా మసితో బయటికొచ్చాడు. రెండు నెలల కింద తుప్పు పట్టిన సైలెన్సర్ పైపు తీసేసి వేరే వెల్డింగ్ షాపులో కొత్తది వేయించాం. ఆ వెల్డింగ్ అతను పైపును బ్రేకు ఆయిల్ సిలిండర్‌కు రెండు మూడు వేళ్ల దూరంలోకి వంచాడు. ఈ కారులో ఆ సిలిండర్ డ్రైవర్ కాళ్ల కిందే ఉంటుంది. పైపు వేడికి ఆయిల్ మరిగి బుడగలు కడుతోంది. తొక్కితే నలిగేది ఆ బుడగలే, బ్రేకు పడదు. చల్లారాక అంతా మామూలే.

"కొత్త ఆయిల్ పోసి లోపలి గాలి తీస్త. పైపు జరపనీకె జాగ లేదు. నడుమ రేకు అడ్డం పెట్టాలె."

"రేకు పని నాది," అన్నారు మామయ్య. ఆయన ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు.

ఇంటికొచ్చి అటక మీది నుంచి ఒక స్టీలు పళ్లెం దింపారు. మా గృహప్రవేశానికి అత్తమ్మ వాళ్ల అక్క, అంటే మామయ్యకు వదినె, నాకు పెద్దత్తమ్మ, పెట్టిన పళ్లెం. అంచున ఆవిడ పేరు చెక్కించి ఉంది. అత్తమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చారు.

"మా అక్క వచ్చి పళ్లెమేదని అడిగితే ఏం జెప్పాలె? నీ పేరు కారు కింద ఉన్నదని జెప్పాల్నా?"

"కాపాడుతున్నదని జెప్పు," అన్నారు మామయ్య, సుత్తితో పళ్లెం అంచులు సాపు చేస్తూ.

ఊగకుండా ఉండాలని ఆయన దాన్ని పైపుకే గట్టిగా బిగించారు. రెండో అంచు సిలిండర్‌కు ఆనుకుంది. మెకానిక్ వచ్చి కొత్త ఆయిల్ పోశాక ఆ సాయంత్రం ఇద్దరూ నడిపి చూడబోతే, ఉప్పల్ రింగ్ రోడ్డు కూడా దాటకముందే పెడల్ మళ్లీ మెత్తబడిందట. పక్కన కూర్చున్న మెకానిక్ స్టీరింగ్ తీసుకుని, హ్యాండ్‌బ్రేకుతో, మొదటి గేరులో కారును ఇంటికి చేర్చాడు. మామయ్య వరండాలో కూర్చుండిపోయారు. టీ ఇస్తే ముట్టలేదు. "ఇగ ఆటోలనే తీస్కపోర్రి బిడ్డను," అన్నారు.

నాకు మనసు చివుక్కుమంది. వద్దన్నది నేనే, అయినా.

పాపకు పప్పన్నం తినిపిస్తున్నాను. మేం తినే పళ్లెంలో వేడన్నం పెడితే అడుగున చేయి పెట్టలేం. పాప గిన్నె రెండు పొరలది, మధ్యలో బోలు. లోపల అన్నం పొగలు కక్కుతున్నా బయట పట్టుకోవచ్చు. నా చెయ్యి దాని కిందే ఉంది. ఉన్నట్టుండి లేచి గిన్నె తీసుకెళ్లి మామయ్య అరచేతిలో పెట్టాను.

"కాలుతున్నదా?"

"లేదు."

"నడుమ గాలి ఉన్నది కాబట్టి. మీ పళ్లెం అటు పైపును, ఇటు సిలిండర్‌ను, రెండింటినీ పట్టుకున్నది మామయ్యా. వేడిని అడ్డుకునుడు కాదు, మోసుకపోతున్నది."

ఆయన గిన్నెను తిప్పి తిప్పి చూశారు. "ముప్పై ఏండ్లు ఫిట్టర్ పని జేసిన. పిల్ల గిన్నెకున్న తెలివి నాకు లేకపాయె," అని పెద్దగా నవ్వి, చల్లారిన టీ తాగేశారు. పాప మాత్రం గిన్నె కోసం ఏడుపు లంకించుకుంది.

మర్నాడు మెకానిక్, మామయ్య కలిసి పళ్లేన్ని పైపు మీంచి విప్పి కారు చట్రానికి బిగించారు. ఎడం కోసం బోల్టులకు మధ్యలో నట్లు తొడిగి, పైపు వైపు వేలెడు, సిలిండర్ వైపు వేలెడు ఖాళీ వదిలారు. మరిగిన ఆయిల్ తీసి మళ్లీ కొత్తది పోశారు. తర్వాత మూడు రోజులు మామయ్యా నేనూ అన్నోజిగూడ దాకా, మళ్లీ సాయంత్రపు రద్దీలో నాచారం దాకా తిరిగాం. ఆగిన ప్రతిచోటా నేను డ్రైవర్ సీట్లో కూర్చుని పెడల్ తొక్కాను. ఒక్కసారి కూడా దిగలేదు. నాలుగో రోజు సాకులు వెతికాను. దొరకలేదు.

బడి మొదటి రోజు పాపను ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను. ఏఎస్ రావు నగర్ దాకా ప్రతి సిగ్నల్‌కూ కారు బుద్ధిగా ఆగింది.

"అమ్మా, కాలుతోటి ఏం జేస్తున్నవ్?" అంది పాప.

చూసుకుంటే నా కుడికాలు ముందు సీటు కింద మ్యాట్‌ను గట్టిగా తొక్కి ఉంది.

"మీ అమ్మ గూడ బ్రేకేస్తున్నది బిడ్డా," అన్నారు మామయ్య అద్దంలో చూస్తూ. "మన కారుకు డ్రైవర్లు ఇద్దరు."

పాప ఏడవకుండా బడిలోకి వెళ్లింది. నేనే కొంచెం ఏడ్చాను. మామయ్య చూడకుండా వంగి కారు కింద చెయ్యి పెట్టాను. పళ్లెం చుర్రుమంది. దాని అవతల సిలిండర్ పాప స్నానం నీళ్లంత గోరువెచ్చగా ఉంది. వేలు నోట్లో పెట్టుకుని లేచేసరికి ఆయన నన్నే చూస్తున్నారు.

"ఎట్లున్నది మా వదినె?" అన్నారు.