పాప మెడ కింద వాసన

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైల్లో ఆవిడ వేమూరులో ఎక్కింది. నా పక్క సీటు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడింది. ముక్కుకి మాస్కు, దాని మీద పైట చెంగు. నా ఒళ్లో ఉన్న నెలల పాపని చూసి నవ్విందని కళ్లని బట్టి తెలిసింది.

"రండి పిన్నిగారూ, కూర్చోండి" అన్నాను.

"వద్దమ్మా. పందుల ఫారంలో పని నాది. అవన్నీ దగ్గుతున్నాయి. ఆ ఫ్లూ వాటి నుంచి మనకీ, మన నుంచి వాటికీ అంటుకుంటుందని డాక్టరుగారు చెప్పారు. నాకింకా ఏం లేదు గానీ, ఎవరికి తెలుసు?"

కూతురు పురిటికి వచ్చి ఆవిడ దగ్గరే ఉండేదట. పందులకి దగ్గు మొదలవగానే, పసిదానితో సహా రేపల్లెలో చెల్లెలింటికి తనే పంపేసిందట. ఇప్పుడు చూడ్డానికి వెళ్తోంది, వీధిలోంచే.

పాపనే చూస్తూ అడిగింది. "అమ్మా, పాప మెడ కింద ఓసారి వాసన చూసి చెప్పవా?"

వంగి చూశాను. "పాలు, కాస్త సాంబ్రాణి" అన్నాను.

ఆవిడ కళ్లు మూసుకుని మాస్కు లోపలే గట్టిగా ఊపిరి పీల్చింది. తర్వాత పాప బుగ్గలు నిమిరినట్టు రెండు చేతులూ గాలిలో తిప్పి, తన కణతల మీద మెటికలు విరుచుకుంది.

నా కూతురు ఇప్పుడు బడికి వెళ్తోంది. అది నిద్రపోయాక మెడ దగ్గరికి వంగుతాను. సబ్బు, చెమట. పాల వాసన ఎప్పుడో పోయింది. అయినా, తలుపు దగ్గర ఎవరో నిలబడి అడిగినట్టు, ఇంకోసారి పీలుస్తాను.