నేను మార్చి చెప్పిన సాక్ష్యం

ఇది ఎవరికీ చెప్పకుండానే పోతాననుకున్నాను. ఏళ్ళ తరబడి మోస్తే బరువు అలవాటైపోతుందంటారు. నాకు కాలేదు. అన్నం కలుపుకుంటున్నప్పుడు గుర్తొస్తుంది. ఎవరైనా నన్ను మంచివాడన్నప్పుడు మరీ గుర్తొస్తుంది. ఇంట్లోవాళ్ళకి తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నానేమో. నా పేరు మాత్రం అడగకండి.

మాది కోనసీమ. కువైట్‌లో సల్వా అనే చోట ఒక పెద్దింట్లో డ్రైవరుగా పనిచేశాను. ఆ ఇంటి యజమానే నా కఫీల్, అంటే నా వీసాకి పూచీదారు. మేమంతా ఆయన్ని బాబా అనేవాళ్ళం, ఆయన భార్యని మామా అనేవాళ్ళం. బాబా నెమ్మదస్తుడు. నా మీద ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఆ ఇంట్లో ఉండి ఉండి అరబ్బీ బాగానే పట్టుబడింది నాకు. అది నాకు గొప్పగా ఉండేది. మనవాళ్ళెవరికైనా ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి కాగితం, గొడవొచ్చినా, ఆసుపత్రిలో పనిబడినా నన్నే తీసుకెళ్ళేవారు. నోరున్నవాణ్ణని పేరు.

అప్పటికి కువైట్ యుద్ధం అయిపోయి కొన్నేళ్ళే అయింది. అది పోతూ పోతూ చాలా ఇళ్ళల్లో తుపాకుల్ని వదిలేసి పోయింది. లైసెన్సు లేనివాటిని పట్టుకోవడానికి ప్రభుత్వంవారి ఆఫీసు ఒకటుండేది. సాయంత్రాలు బాబా స్నేహితులు ముందుగదిలో చేరినప్పుడు ఆ ఆఫీసు మీద తరచూ వాదన నడిచేది. కాఫీ పోస్తూ నేను వినేవాణ్ణి. అంతమందికి జీతాలూ, బళ్ళూ, భవనమూ ఎందుకు, సల్వాలో ఇన్నాళ్ళకీ ఒక్క తుపాకీ పట్టుకున్నారా, మూసేస్తే పీడా పోతుంది అనేవాడొకాయన. అదే లేకపోతే కాల్పుల సంబరానికి పెళ్ళికొక ప్రాణం పోతుందనేవాడు మరొకాయన. బాబా ఎటూ మాట్లాడేవాడు కాదు. పెద్దకొడుకు ఫహద్ గదిలో రైఫిల్ ఉందని ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

సువార్త ఆ ఇంటికి పనికొచ్చి అప్పటికి కొద్ది నెలలే. నరసాపురం దగ్గర పల్లెటూరు ఆమెది. భర్త లేడు, ఒక కూతురుంది. అరబ్బీలో పదమనే యల్లా, చాలనే ఖలాస్ తప్ప ఏమీ రాదు. మామా ఏదైనా చెబితే నా మొహం వంక చూసేది. నన్ను అన్నయ్యా అనేది. నిజంగానే అన్నయ్యలా ఉన్నాను కొన్నాళ్ళు. ఆ మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది.

బాబా చిన్నకూతురి పెళ్ళి వచ్చింది. ఇంటి ముందు డేరా వేశారు. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక చుట్టాలు దిగుతుంటే, సంబరం పట్టలేక ఫహద్ రైఫిల్ తీసుకుని డాబా ఎక్కాడు. గాల్లోకి కాల్చడం అక్కడ కొందరికి సరదా. ఎవరినీ చంపాలని కాదు. అదే డాబా మీద రెండోవైపు సువార్త ఆరిన బట్టలు తీస్తోంది. రెండు మూడు సార్లు కాల్చి, కింద ఎవరో పిలిస్తే తుపాకీ దించుతూ అటు తిరిగాడట. వేలు ఇంకా మీట మీదే ఉంది. గుండు ఆమె మోచేతిలోంచి పోయింది.

కారులో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది నేనే. వెనక సీట్లో ఆమె ఏడవలేదు. ప్రార్థన చేసుకుంటూనే ఉంది. పెళ్ళి ఆగకూడదు కాబట్టి మామా రాలేదు. బాబా ఒక్కడూ వేరే కారులో వెనకే వచ్చాడు.

తుపాకీ దెబ్బ అని ఆసుపత్రివాళ్ళు కబురు పెడితే మర్నాడు పొద్దున ఆ ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. పెద్దాయన జుట్టు నెరిసినవాడు. మర్యాదస్తుడు. మంచం పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, ఆమె నొప్పి ఎలా ఉందని ముందు అడిగాడు. తెలుగు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అన్నాడు. నేనున్నానన్నాను. బాబా బయట వసారాలో నిలబడి ఉన్నాడు. తలుపు తీసే ఉంది.

ఆ తర్వాత జరిగింది పొల్లు పోకుండా చెబుతాను.

"గుండు ఎవరు కాల్చారో చూసిందేమో అడుగు," అన్నాడాయన.

నేను తెలుగులో అడిగాను. సువార్త నాతో కాదు, ఆయన మొహంలోకే చూస్తూ తెలుగులో చెప్పింది. అర్థం కాదని తెలిసీ ఆయనతోనే చెప్పింది.

"ఆయ్, చూశానండి. పెద్దబ్బాయిగారేనండి. తుపాకీ ఆరి చేతిలోనే ఉందండి. గదిలో మంచం కింద పొడుగు పెట్టెలో పెడతారండి. రోజూ ఊడ్చేది నేనే కదండీ."

ఆయన నా వైపు తిరిగాడు.

"ఎవరినీ చూడలేదట," అన్నాను అరబ్బీలో. "బట్టలు తీస్తుంటే ఎక్కడి నుంచో వచ్చి తగిలిందట."

ఆయన ఆమె చేతి కట్టుకేసి చూశాడు. తర్వాత, "దగ్గర నుంచి తగిలిన దెబ్బలా ఉందంటున్నాడు డాక్టరు. మళ్ళీ అడుగు. డాబా మీద ఇంకెవరున్నారు?" అన్నాడు.

మళ్ళీ అడిగాను. "ఆయనొక్కరేనండి. ఇంకెవరూ లేరండి," అంది సువార్త.

"ఎవరూ లేరట," అన్నాను.

నేను చెప్పింది తన మాటే అనుకుని ఆమె ఆయనకేసి చూసి తలూపింది. అవునవును అన్నట్టు. గట్టిగా.

ఆయన లేచాడు. "ఇదీ ఆకాశంలోంచి పడిందేనన్నమాట," అన్నాడు పక్కవాడితో, కోపంగా కాదు, అలసటగా. "ఏ వీధికెళ్ళినా ఆకాశంలోంచే పడతాయి. తర్వాత మీరెందుకు ఉన్నారని పైవాళ్ళు మనల్ని అడుగుతారు." పేరు చెప్పే మనిషి లేకుండా ఒకరింట్లో చొరబడి వెతకడానికి వాళ్ళకి లేదు. ఆమెకి త్వరగా తగ్గాలని నాతో చెప్పించి వెళ్ళిపోయారు. ఆ ఒక్కటి మాత్రం సరిగ్గా చెప్పాను.

ఎందుకు చేశాను? నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. నన్ను ఎవరూ అబద్ధం చెప్పమనలేదు. బాబా అనలేదు. మామా అనలేదు. ఫహద్ ఆసుపత్రి వైపే రాలేదు. మా బావమరిదికి వీసా ఇప్పిస్తానని అతను అంతకుముందు ఒకసారి అన్న మాట నిజమే. ఆ ఆశతోనే చేశానని చెప్పుకుందామని చూశాను, అప్పుడు కనీసం నా అబద్ధానికి ఒక కారణం ఉండేది, కానీ ఆ క్షణంలో బావమరిదీ గుర్తులేడు, వీసా గుర్తులేదు. తలుపు అవతల బాబా నిలబడి ఉన్నాడు, నా మాట ఆయనకి వినబడుతోంది. అంతే. ఆయన మెచ్చుకునే మనిషిగా ఉండాలనుకున్నాను. మెచ్చుకోలు కోసం ఒక మనిషి నోరు నొక్కేస్తారా? నేను నొక్కేశాను.

అంతటితో ఆగినా ఒక రకం.

సువార్త ఆ ఆఫీసువాళ్ళ కోసం ఎదురుచూసింది. ఆసుపత్రిలో చూసింది, ఇంటికొచ్చాక కూడా చూసింది. గేటు చప్పుడైతే కిటికీలోంచి తొంగిచూసేది. ఆళ్ళెప్పుడొస్తారన్నయ్యా అని అడిగేది. నేనేం చెప్పానో తెలుసా? ఆ ఆఫీసు ఉత్త దండగ అన్నాను. జీతాలు తీసుకోవడానికే తప్ప దేనికీ పనికిరాదన్నాను. పెద్దోళ్ళ జోలికి వాళ్ళు పోరమ్మా అన్నాను. ముందుగదిలో విన్న మాటలే ఆమెకి అప్పజెప్పాను. నా పాపాన్ని మొహం తెలియని ఒక ఆఫీసు నెత్తిన పెట్టాను. ఆమె నమ్మింది. నేను చెబితే ఏదైనా నమ్మేది.

చెయ్యి మళ్ళీ వంగలేదు. వంగని చేత్తో ఇంటిపని ఎలా చేస్తుంది? ఊరికి పంపించేశారు. నేరం రుజువైతే ఆమెకి న్యాయంగా రావలసినదేదో వచ్చేది. ఏమీ రాలేదు. విమానాశ్రయానికి నేనే తీసుకెళ్ళాను. పెట్టె తాడు కట్టుకోలేకపోతే కట్టిపెట్టాను. లోపలికి వెళ్ళేముందు ఆగి, నా తరఫున నువ్వు మాట్లాడావు అన్నయ్యా, ఆళ్ళు వినకపోతే నువ్వేం చేస్తావు అంది. నేను తల దించుకున్నాను. బాధపడుతున్నాననుకుంది.

ఆ తర్వాత చాలాకాలం అక్కడే ఉన్నాను. ఫహద్ మారాడు, పిల్లల తండ్రయ్యాడు. బాబాకి కిడ్నీలు పాడయ్యాయి. రక్తం శుద్ధి చేయించడానికి నేనే ఆసుపత్రికి తిప్పేవాణ్ణి. ఒకసారి ప్రభుత్వం, ఇళ్ళల్లో ఉన్న తుపాకుల్ని తెచ్చి అప్పగిస్తే కేసు పెట్టబోమని ప్రకటించింది. ఆ రోజు బాబా, ఫహద్ రైఫిల్‌ని దుప్పటిలో చుట్టించి కారులో పెట్టించాడు. ఠాణాకి వెళ్ళాం. అక్కడ బల్లల మీద అప్పటికే వచ్చిపడిన తుపాకుల్ని చూశాను. ఒకటా రెండా. ఎన్ని ఇళ్ళల్లోంచో. ఏమీ దొరకని ఆఫీసు అని ముందుగదిలో నవ్వుకున్నారే, ప్రతి తుపాకీ వెనకా ఏమీ చూడలేదన్న మనిషి ఒకడుండి ఉంటాడు. నాలాంటివాడు.

తిరిగొస్తూ బాబా వెనక సీట్లోంచి మెల్లగా మాట్లాడాడు. ఆ రోజు వసారాలో తాను ఆమె నోటివెంట కొడుకు పేరు వస్తుందని ఎదురుచూశానన్నాడు. కన్నకొడుకుని తన చేత్తో పట్టించలేకపోయాడు, కానీ ఆమె చెబితే కాదనకూడదని నిశ్చయించుకున్నాడట. తర్వాత అడిగాడు.

"నిజం చెప్పు. ఆ అమ్మాయి ఎవరినీ చూడలేదనే అన్నదా?"

అద్దంలో ఆయన కళ్ళు కనబడుతున్నాయి. చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు ఈ జన్మలో రాదు.

"అవును బాబా," అన్నాను.

ఆయన సీటుకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఆ ఏడాదే పోయాడు. నిజం విని ఉంటే ఆమెకి ఏదైనా చేసేవాడు. చేసేవాడనే నా నమ్మకం. ఆ దారి కూడా నేనే మూసేశాను.

నేను ఇంటికి వచ్చేశాక నరసాపురం బస్టాండులో ఆమె ఎదురుపడింది. నేను గుర్తుపట్టేలోపే ఆమె నన్ను గుర్తుపట్టింది. పక్కన కూతురు, చంకలో మనవడు. కువైట్‌లో నాకోసం మాట్లాడింది ఈ మావయ్యేనని కూతురికి చెప్పింది. ఆ ఆపీసోళ్ళ పాపం మాత్రం ఊరికే పోదంది. ఆ పిల్ల వంగి నా కాళ్ళకి దండం పెట్టింది. నేను వద్దనలేదు. బస్సొచ్చింది, ఎక్కి వచ్చేశాను. ఎక్కాల్సిన బస్సు అవునో కాదో కూడా చూసుకోలేదు.

అలాంటి ఆఫీసు ఉండాలా, దానికి అంత ఖర్చు అవసరమా అన్నది చదువుకున్నవాళ్ళు తేల్చుకుంటారు. నాకు తెలిసింది ఒక్కరోజు సంగతి. ఆ రోజు అది వచ్చింది. అడగవలసిన ప్రశ్న అడిగింది, రెండుసార్లు అడిగింది. ఆమె నిజమే చెప్పింది, రెండుసార్లూ చెప్పింది. మధ్యలో నేను ఉన్నాను.

ఆమెకి వెళ్ళి చెబుతానా? తెలియదు. చెబుతానని మీకు మాట ఇవ్వను. నా మాట విలువెంతో ఇప్పుడు మీకు తెలుసు. క్షమించమనీ అడగను. అది మీ చేతిలో లేదు. రాస్తుంటే మాత్రం మోస్తున్న బరువు కాస్త తగ్గినట్టనిపించింది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.