మూతి పెట్టని సీసాలు

నేను కాచిన మొదటి బీరు సీసాల్లోనే పుల్లబడింది. కాచడం నేర్పింది ఆఫీసులో నా పక్క సీటు జర్మన్ ఆయన. పెద్ద గిన్నె, పులియబెట్టే డబ్బా, ఆయన సెల్లార్‌లో ఏళ్లుగా పడివున్న, మూతిని తీగతో బిగించే మూతలున్న సీసాలు, అన్నీ ఆయన ఇచ్చినవే. ఒక గుక్క తాగి, గ్లాసు మెల్లగా బల్ల మీద పెట్టి “ఇంటరెసాంట్” అన్నాడు. ఇక్కడ జర్మనీలో కొన్నాళ్లు ఉన్న ఎవరికైనా ఆ మాట అర్థమవుతుంది. బాగాలేదని మొహం మీద చెప్పలేనప్పుడు అనే మాట అది. కాచడంలో తప్పు లేదు, సీసాలు సరిగ్గా కడగలేదు, అని కూడా అన్నాడు. రెండోసారి ఆయన గ్లాసు ఖాళీ చేయాలి. చేయకపోతే గిన్నె, డబ్బా తిరిగి ఇచ్చేసి ఈ పని మానేద్దామనుకున్నాను.

అందుకే ఈసారి సీసాలతోనే మొదలుపెట్టాను. మూతలకున్న రబ్బరు వలయాలు విప్పి విడిగా మరిగించాను. సీసాలను వేడినీళ్లలో వాషింగ్ సోడా కలిపి నానబెట్టాను. లేబుళ్లు వాటంతట అవే ఊడి పైకి తేలాయి. అడుగున ఎండి అతుక్కున్న ఈస్టు మాత్రం సోడాకు కదలదు, పొడవాటి బ్రష్‌తో గీకాలి. గీకాక మంచినీళ్లతో కడిగి, ఒక్కో సీసా కిటికీ వెలుగుకు ఎత్తి చూడాలి. గోధుమరంగు గాజులో మరక దాక్కుంటుంది కాబట్టి తిప్పి తిప్పి చూడాలి. అనుమానం వస్తే మళ్లీ సోడాలోకి.

ఇదంతా బాత్‌టబ్‌లోనే చేశాను. కిచెన్‌లో చేయనివ్వలేదు నాతో ఫ్లాట్ పంచుకునే అన్న. ఆయనది కరీంనగర్, నాకంటే పెద్దవాడు, మేమిద్దరం స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగాలకు ఒకే ఎస్-బాన్ లోకల్ రైల్లో పోతాం. సీసాల పెట్టె చూడగానే గుమ్మంలోనే ఆపేశాడు.

“ఏ తమ్మీ, గివి ఎవలెవలు తాగిన సీసాలో! అన్నం వండుకునే జాగల పెడ్తవా?”

“కడుగుతున్నాను కదన్నా.”

“కడిగితే మురికి పోతది. ఎంగిలి ఎట్ల పోతది?”

ఓవెన్ మాత్రం కిచెన్‌లోనే ఉంది, అక్కడ ఇబ్బంది వచ్చింది. కడిగిన సీసాలకు మూతి మీద అల్యూమినియం రేకు చుట్టి ఓవెన్‌లో మెల్లగా వేడి చేసి, అందులోనే చల్లారనివ్వాలి. రేకు తీసేదాకా లోపల ఏ క్రిమీ చేరదు. మా ఓవెన్‌లో ఎప్పుడూ ఏదీ కాలలేదు. అది మూకుళ్లు, పెనాలు దాచుకునే అల్మరా. అవన్నీ తీయమని అన్నను అడిగాను.

“అగ్గిల కాలుస్తా అంటే సరే తియ్. అగ్గికి ఎంగిలి లేదు.”

ఆ మాటకు అప్పుడు సంతోషించాను.

శనివారం రాత్రి సీసాలు కాల్చి ఓవెన్‌లోనే వదిలేశాను. ఆదివారం పొద్దున మా బిల్డింగ్ సెల్లార్‌కి దిగి, అక్కడ డబ్బాలో పులిసిన రెండోసారి బీరులో చక్కెర పాకం కలిపాను. సీసాలో గ్యాసు పుట్టేది ఆ చక్కెరతోనే. అది కలిపాక ఇక ఆగకూడదు, ఆ రోజే సీసాల్లో నింపేయాలి. అక్కడ పనంతా చూసుకుని నేను పైకి వచ్చేసరికి మధ్యాహ్నమైంది, అన్న పిలిచిన స్నేహితులు భోజనం చేసి బూట్లు వేసుకుంటున్నారు. నా సీసాలు ఓవెన్‌లో లేవు. గట్టు మీద వరసగా నిలబడి ఉన్నాయి, రేకులు మూతి మీదే ఉన్నాయి. మూకుళ్లు మళ్లీ ఓవెన్‌లో సర్దుకోవడానికి తీసి పక్కన పెట్టి ఉంటాడనుకున్నాను. అలవాటు కొద్దీ ఒకటి వెలుగుకు ఎత్తాను. లోపల నీటిచుక్క కనిపించింది. ఓవెన్‌లో కాలిన సీసాలో నీటిచుక్క ఎక్కడినుంచి వస్తుంది?

“అన్నా, వీటిలో నీళ్లు పోశావా?”

“పోసిన. దోస్తులొస్తే ఫ్రిజ్‌ల సల్లటి నీళ్ల సీసాలుండొద్దా? అయినంక మల్ల రేకు సుట్టి పెట్టిన.”

“ఏ సీసాల్లో?”

“గవన్నీ ఎవలు గుర్తువెట్టుకుంటరు? ఏం ఫికర్ చెయ్యకు, ఒక్కలు గూడ మూతి పెట్టలే. అందరు ఎత్తి పోసుకున్నరు.”

“ఒకటి తడిగా ఉంది. మిగతావి ఎలా ఆరాయి?”

“గరిటె కాడకు గుడ్డ సుట్టి లోపటంగ తుడిసిన. నీ కోసమే తమ్మీ, తడుంటే నువ్వు ఒప్పుకోవని.”

ఏ గుడ్డ అని అడిగాను. చూపించాడు. పొయ్యి గట్టు తుడిచే గుడ్డ, పసుపు మరకలు, పోపు నూనె జిడ్డు. ఆ నూనె ఒక్క చుక్క చాలు నురగను చంపడానికి, ఆ తడి చాలు బీరును పుల్లబెట్టడానికి.

ఆ మనిషి లెక్కలో సీసా మూతికి పెదవి తగలకపోతే సీసా శుభ్రం, అంతే. గుడ్డ లెక్కలోకి రాదు, గరిటె రాదు. నేను పెరిగిన ఇంట్లోనూ చెంబు ఎత్తిపెట్టి తాగేవాళ్లం, కాబట్టి ఆ లెక్క నాకు కొత్తది కాదు. అందుకే ఇంకా మండింది. కంటికి కనపడనిది ఒకటి ఉందని నమ్మి, పెట్టెను గుమ్మంలోనే ఆపినవాడు, కంటికి కనపడనిది ఇంకొకటి ఉందంటే పట్టించుకోడు. రేకు తిరిగి చుట్టకపోయినా బాగుండేది. తాకిన సీసాలేవో, తాకనివేవో తెలిసేది.

ఆదివారం. దుకాణాలన్నీ మూత, కొత్త సీసాలు దొరకవు. కింద డబ్బాలో చక్కెర కలిపిన బీరు ఆగదు. అన్ని సీసాలూ మళ్లీ టబ్‌లోకి వెళ్లాయి. సోడా, బ్రష్, వెలుగు, రేకు, ఓవెన్. అన్న బాత్రూం గుమ్మంలో నిలబడ్డాడు.

“నేనో చెయ్యేయాల్నా?”

“వద్దు.”

“గంత కోపమెందుకయ్యా? నీళ్లే గదా పోసింది, ఇసమా?”

“అన్నా, నువ్వు కాసేపు బయటికి పో.”

“నా ఇంట్ల నన్నే బయటికి పొమ్మంటవా!” అన్నాడు గానీ కదల్లేదు. నేను కడిగే ప్రతి సీసా చూస్తూ “గిది మంచిగనే ఉండె” అంటూ నిలబడ్డాడు. ఒక సీసా టబ్ అంచుకు కొట్టుకుని పగిలింది. అది నా కోపం వల్లే పగిలింది, ఆ సంగతీ నా కోపం పెంచింది.

సీసాలు చల్లారాక సాయంత్రం నింపాను. బీరు సిద్ధం కావడానికి కొన్ని వారాలు ఆగి, ఆఫీసాయన్ని ఇంటికి పిలిచాను. మూత తీస్తే టప్పున చప్పుడైంది. గ్లాసులో నురగ గట్టిగా నిలబడింది. ఆయన ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు. నేను గ్లాసు వైపే చూస్తున్నాను.

అప్పుడు పక్కన కూర్చున్న అన్న నా భుజం తట్టాడు.

“సూసినవా తమ్మీ, ఏమన్న అయిందా? ఊకెనే లొల్లి జేసినవ్ గా దినం.”

నేను అటు తిరిగాను. ఏమీ కాకపోవడానికి కారణం నేను మళ్లీ కడగడమేనని చెప్పాను. కడగకుండా నింపి ఉంటే ఏమయ్యేదో చెప్పాను. “గట్ల నువ్వంటున్నవ్, ఎవలు సూసిండ్రు?” అన్నాడు. నూనె గురించి చెప్పాను, గుడ్డ గురించి చెప్పాను, నా గొంతు పెరిగిపోయింది. ఆయన నవ్వుతూ నా భుజం తడుతూనే ఉన్నాడు.

ఇటు తిరిగేసరికి ఆఫీసాయన గ్లాసు ఖాళీగా ఉంది. ఆ చివరి గుక్క తాగుతుండగా ఆయన మొహం ఎలా ఉందో నేను చూడలేదు. ఆయన మా ఇద్దరినీ ఇబ్బందిగా చూస్తూ, ఇంకో సీసా తీయవచ్చా అని మెల్లగా అడిగాడు.